చెవి కింద బొత్తాం

మా ఆడపడుచు మూడేళ్ళ చదువుకి గండి కొట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. రేపు ఎవరో చెప్పగా మీరు విన్నారని తెలిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పేదేదో నేనే చెబుతాను, నవ్వేదేదో నా ఎదురుగానే నవ్వండి.

నేను జంతుశాస్త్ర విభాగంలో స్లైడులు కోసే మనిషిని. కండో, కాలేయమో, గ్రంథో, ఏదైనా సరే మైనంలో బిగించి, దిమ్మ కట్టి, మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద పెట్టి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగులు పట్టించి ఇస్తాను. ఇరవై రెండేళ్ళుగా అదే పని. నా కోతలో ముడత ఉందని ఇంతవరకు ఎవరూ అనలేదు, అంటే ఊరుకునేదాన్నీ కాదు. విద్యార్థులు నన్ను కత్తి అక్క అంటారు. నా పని చూసి పెట్టిన పేరని నేననుకుంటాను. నోరు చూసి పెట్టారని మా ఆయన అంటాడు.

మా ఆయన చెల్లెలు మా విభాగంలోనే పరిశోధన చేస్తోంది. మనిషి ఇంతే ఉంటుంది, అందుకని ఇంటిల్లిపాదీ పిట్ట అని పిలుస్తారు. ఆ పిల్ల పట్టుకున్న విషయం పొట్టితోక పొలం ఎలుక లాలాజల గ్రంథులు. "ఎలక ఉమ్మి మీద డాక్టరేటా?" అని మా అత్తగారు నెల్లాళ్ళపాటు ముక్కున వేలేసుకున్నారు. వినడానికి అలా ఉంటుంది గానీ పని చిన్నదేం కాదు. ఎలకకి దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత, చెవుల కింద ఒక జత గ్రంథులుంటాయి. ముందు చెప్పిన రెండు జతలూ ఎక్కువగా జిగురు ఉమ్మి ఇస్తాయి, మేత గొంతులోకి జారాలి కదా. చెవి కింద ఉండేది నీళ్ళలాంటి ఉమ్మి ఇస్తుంది. గింజలోని పిండిని నోట్లోనే అరిగించడం మొదలుపెట్టేది ముఖ్యంగా అదే. పుట్టిన దగ్గర్నుంచీ గింజలే తిని బతికే ఈ ఎలక ఉమ్మికి ఆ శక్తి ఎంత ఉంది అన్నది పిట్ట ప్రశ్న.

మరి ఆ చెవి కింద గ్రంథిని తియ్యడం దానికి నేర్పిందెవరు? నేనే. మొదటి రోజు ఎలక చెవి కింద తోలు ఒలిచి చూపించాను. అక్కడ రెండు కనిపిస్తాయి. ఒకటి నున్నగా, గుండ్రంగా, చొక్కా బొత్తాంలా ముచ్చటగా ఉంటుంది. రెండోది కొవ్వులో కలిసిపోయి, మెడ దాకా పాకి, పాత గుడ్డ పీలికల్లా ఉంటుంది. "ఇదిగో, ఈ బొత్తామే. ఆ పీలికల జోలికి పోకు, అదంతా ఉత్త కొవ్వు," అన్నాను. నన్నెవరైనా అడిగారా? లేదు. సారు, అంటే పిట్ట గైడు, పక్కనే ఉండి తలూపారు. శుభ్రంగా ఊడి చేతిలోకి వచ్చే వస్తువంటే నాకు మొదట్నుంచీ ఇష్టం. ఆ ఇష్టమే కొంప ముంచింది.

మూడేళ్ళలో నూట నలభై రెండు ఎలకలు. ప్రతి ఎలకకీ ఎడమ వైపు బొత్తాం తీసేవాళ్ళం. సగం నేను కోసి స్లైడు చేస్తే, మిగతా సగం పిట్ట నూరి గంజి నీళ్ళలో కలిపేది. కుడి వైపుది ముట్టుకోకుండా, ఆ తలకాయకి చీటీ కట్టి ఫ్రీజర్లో పెట్టేవాళ్ళం, థీసిస్ పూర్తయ్యేదాకా దాచాలని మా విభాగం నియమం. ఇక గంజి సంగతి. అందులో అయోడిన్ చుక్క వేస్తే నీలంగా మారుతుంది. ఉమ్మి పిండిని అరిగించిందంటే ఆ నీలం పోవాలి. పోలేదు. నూట నలభై రెండు సార్లూ పోలేదు. దాంతో సారుకి పూనకం వచ్చింది. గింజలు తినే జంతువుకి గింజని అరిగించే ఉమ్మి లేదు, లోకంలో ఎవరూ చూడని వింత అన్నారు. అయితే పిండి ఎక్కడ అరుగుతోందట? దానికో సిద్ధాంతం, ఆ సిద్ధాంతానికి రంగురంగుల బొమ్మ. ఇలాంటి గ్రంథుల్లో ఉండాల్సిన చారల నాళాలు మన స్లైడుల్లో లేవేమిటని పిట్ట ఒకసారి అడిగింది. మామూలు మనుషులైతే అక్కడ అనుమానపడతారు. మావాళ్ళు దాన్ని రెండో వింతగా తేల్చి ఇంకో అధ్యాయం రాశారు.

థీసిస్ గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మొన్న గురువారం మధ్యాహ్నం మూడింటి సెమినార్ ఆఖరి అవకాశం. బయట్నుంచి వచ్చే పరీక్షకురాలు సరే అంటే థీసిస్ ముందుకు పోతుంది. కాదంటే పిట్ట పేరు పరిశోధకుల జాబితాలోంచి కొట్టేస్తారు, మళ్ళీ చేరే వీలు కూడా ఉండదు.

ఆ పొద్దున్న తొమ్మిదింటికి తెర మీద చూపించడానికి స్లైడులు సిద్ధం చేస్తున్నాను. మాదొకటి, పోల్చి చూపించడానికి మామూలు ఎలకది ఒకటి. రెండోదాని కోసం పాఠాల స్లైడుల పాత పెట్టె దించాను. నేను ఉద్యోగంలో చేరక ముందువి. ఆ కోతలు చూస్తే నాకు నవ్వొచ్చింది, ఎవరో పొలం దున్నినట్టు కోశారు. మామూలు ఎలక చెవి కింద గ్రంథిలో నాళాల గోడలకి చారలు చక్కగా కనిపించాయి, మాదాంట్లో లేవు. సరే, మన గొప్పతనమే అది కదా అనుకుని దాన్ని తీసి పక్కన పెట్టబోతుంటే పెట్టెలో దాని పక్క స్లైడు మీద చీటీ కనిపించింది. "ఎలుక. కన్నీటి గ్రంథి. చెవి కింద నుంచి" అని ఉంది. కన్నీటి గ్రంథికి చెవి కింద ఏం పని? ఊరికే, తప్పు పట్టడానికే, మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను.

అది మా గ్రంథే. చారల్లేని నాళాలు, చిన్నా పెద్దా కలిసిన కేంద్రకాలు, అంతా అదే.

స్లైడు మీద చీటీ ఎవరో తప్పు అంటించి ఉంటారని మనసుకి నచ్చజెప్పుకుని, ఫ్రీజర్లోంచి ఒక తలకాయ తీసి గోరువెచ్చని నీళ్ళలో పెట్టాను. కుడి చెవి కింద తోలు తీసి, బొత్తాంలోకి సన్నసూదితో ఎర్ర సిరా ఎక్కించి మెల్లగా నొక్కాను. లాలాజల గ్రంథి అయితే ఆ సిరా బుగ్గ లోపలికి రావాలి. నోరు తెరిచి భూతద్దం పెట్టి చూశాను, చుక్క లేదు. ఇంకొంచెం నొక్కి తల తిప్పి చూస్తే కంటి కొసలో ఎర్రటి చుక్క మెరిసింది. చచ్చి ఏడాదైన ఎలక నా మీద కన్నెర్ర చేసింది.

ఏడవాల్సిన చోట నవ్వు రావడం మా పుట్టింటి రోగం. మొదట ముక్కులోంచి చిన్న చప్పుడొచ్చింది. తర్వాత భుజాలు ఊగాయి. బల్ల పట్టుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఊగిపోతుంటే పిట్ట వచ్చింది. ఇస్త్రీ మడత చెదరని బట్టల్లో, తల నున్నగా దువ్వుకుని, చంకలో థీసిస్ కట్టతో.

"ఏంటి వదినా, ఒక్కదానివే నవ్వుకుంటున్నావ్?"

"ఏం లేదే. నీ బట్టలు బాగున్నాయి."

"నా బట్టలు బాగుంటే నువ్వు నవ్వవు. ఎక్కడ కొన్నావని అడుగుతావ్."

చెప్పకుండా ఉంటే ఏమవుతుంది అని ఆ నిమిషంలో అనుకున్నాను, మీ దగ్గర దాచడం దేనికి. ఎవరికీ తెలియదు. స్లైడు పెట్టెలో పడేస్తే సరిపోతుంది. పిట్ట పేరు నిలబడుతుంది, నా పేరూ నిలబడుతుంది. కానీ ఆ పిల్ల మొహం చూస్తే మూడేళ్ళ ఆశంతా అక్కడే ఉంది, అబద్ధం మీద దాన్ని నిలబెట్టి చప్పట్లు కొట్టడం నా వల్ల కాలేదు.

"కూర్చో పిట్టా."

"కూర్చుంటే ఇస్త్రీ నలుగుతుంది."

"నలగనీ."

కూర్చుంది. స్లైడులు రెండూ చూపించాను, తలకాయ చూపించాను. అది ఆ ఎర్రకన్ను వంక చాలాసేపు చూసింది.

"ఉమ్మి కంట్లోంచి ఎందుకొచ్చింది?"

"అది ఉమ్మి కాదు కాబట్టి."

"నూట నలభై రెండూనా?"

"నూట నలభై రెండూ."

"అంటే నేను మూడేళ్ళు ఎలకల కన్నీళ్ళకి గంజి పోసి, అరగలేదు, అరగలేదు అని రాసుకున్నానా?"

ఇక ఆగలేదు. ఇద్దరం ఒకేసారి మొదలెట్టాం. అది స్టూలు మీంచి జారి నేల మీద కూలబడింది, ఇస్త్రీ ఏమైందో దేవుడికెరుక. "రెండో అధ్యాయం," అంటుంది, పొట్ట పట్టుకుంటుంది. "సారు బొమ్మ," అంటాను నేను, కళ్ళు తుడుచుకుంటాను. కాస్త తేరుకున్నాం అనుకునేసరికి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసి మళ్ళీ మొదలు. అలా ఎంతసేపు దొర్లామో తెలియదు. అంతలో పిట్ట నవ్వు ఉన్నట్టుండి తెగిపోయింది.

"నా పేరు కొట్టేస్తారు వదినా."

"తప్పు నాది. ఆ బొత్తాం చూపించింది నేను."

"చూపించావ్, నిజమే," అంది. అంతకన్నా ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

సారు వచ్చారు. విని, మైక్రోస్కోప్‌లో చూసి, ఎలక కన్ను చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఈ ఒక్క పూటకి అలాగే కానిద్దామమ్మా. తర్వాత నింపాదిగా సవరించుకుందాం."

"పరీక్షకురాలు కనిపెడితే, సార్?"

"ఆవిడ గబ్బిలాల పేగుల మనిషి. చెవి దాకా రారు."

పిట్ట థీసిస్ కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "నాకు తెలిసిపోయింది కదా సార్. తెలిశాక ఆ బొమ్మ తెర మీద వేస్తే నాకు నవ్వొస్తుంది. ఆపుకోలేను."

సారుకీ పెదవులు వణికాయి. అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

"ఆ పీలికలే అసలు గ్రంథి అయితే, అవి ఎక్కడికీ పోలేదు కదా," అంది పిట్ట లేస్తూ. "నూట నలభై రెండు తలకాయల్లోనూ అలాగే ఉన్నాయి. ఫ్రీజర్ తెరువు వదినా."

టైము పది. రెండో తలకాయ నేను పట్టుకున్నాను, అలవాటు కొద్దీ ఫోర్సెప్స్‌తో ఒక్క లాగు లాగాను. గ్రంథి పుటుక్కున చిరిగి కొవ్వులో కలిసిపోయింది. ఇంకోటి తీసుకున్నాను, అదీ అంతే. బొత్తాలు తీసిన చెయ్యి పీలికలకి పనికిరాలేదు. పిట్ట నా చేతిలో ఫోర్సెప్స్ తీసుకుంది. "లాగుతున్నావ్ వదినా. ఇది లాగితే రాదు. కొవ్వుని పక్కకి నెట్టుకుంటూ పోవాలి," అని, వంగి, ఊపిరి బిగబట్టి, దారం పోగు విడదీసినట్టు మెల్లగా విడదీసింది. మెడ దాకా పాకిన గ్రంథి ముక్క చెదరకుండా వచ్చింది. దాని నాళం బుగ్గలోకే పోతోంది, ముగ్గురం భూతద్దంలో చూశాం. నోరు మూసుకుని చూశాను నేను, అదొక విశేషం.

ముక్క నూరింది. గంజి నీళ్ళలో అయోడిన్ చుక్క వేసి, ఆ నీలంలో దాన్ని కలిపి, గాజు గొట్టాన్ని వెచ్చని నీళ్ళలో నిలబెట్టింది. ముగ్గురం తలలు ఆనించుకుని దానివంకే చూస్తున్నాం. రెండు నిమిషాలు ఏమీ లేదు. నీలం కాస్తా వంకాయ రంగైంది. తర్వాత ఎర్రమట్టి రంగైంది. తర్వాత ఏ రంగూ లేదు, గొట్టం అవతల సారు ముక్కు స్పష్టంగా కనిపించింది.

"అరిగింది," అంది పిట్ట.

సారు చక్రాల స్టూలు మీద కూలబడి గిర్రున రెండు చుట్లు తిరిగారు. ఆయన గొప్ప సిద్ధాంతం అంతటితో మట్టికొట్టుకుపోయింది, ఆయనకది గుర్తే లేదు. నేను పిట్టని ఎత్తి బల్ల చుట్టూ తిప్పాను, తేలికే కదా. మూడేళ్ళలో మొదటిసారి ఒక నీలం పోయింది మరి. రెండున్నర అయ్యేసరికి అది పన్నెండు తలకాయలు పూర్తి చేసింది. పన్నెండూ అరిగించాయి. ఇస్త్రీ బట్టల మీద అయోడిన్ మరకలు, కొవ్వు జిడ్డు. దువ్విన తల రేగిపోయింది. అలాగే పోయింది సెమినార్‌కి.

హాలు నిండా జనం. పరీక్షకురాలు ముందు వరసలో కూర్చున్నారు. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, ఒళ్ళో కాగితాల కట్ట, నవ్వు జాడే లేని మొహం. పిట్ట ఎక్కి నిలబడింది.

"నా థీసిస్ పేరు తప్పు కాదండీ. లోపల ఉన్నది తప్పు," అని మొదలెట్టింది. బొత్తాం గురించి చెప్పింది, ఎర్ర సిరా గురించి చెప్పింది, నూట నలభై రెండు అంకె చెప్పింది. హాల్లో గుసగుసలు లేచాయి. వెనకెవరో కిసుక్కుమన్నారు. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాను, ఆగిపోయింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అన్నారు పరీక్షకురాలు.

"ఈరోజు పొద్దున్న, తొమ్మిదిన్నరకి."

"ఈ గ్రంథిని తియ్యడం మీకు ఎవరు నేర్పారు?"

పిట్ట నా వైపు చూడను కూడా లేదు. "తీసింది నేనండీ. నూట నలభై రెండు సార్లు తీశాను. ఒక్కసారి కూడా నాళం ఎటు పోతోందో చూడలేదు. తప్పు నాదే."

కూర్చునే ఉండాల్సింది. ఉండలేకపోయాను. "నేర్పింది నేనండీ," అన్నాను లేచి. "పీలికలు వదిలెయ్యమన్నది నేనే. దాని తప్పేం లేదు."

"కూర్చో వదినా."

"నేను కూర్చోను."

"వదినా, ఇది సెమినార్."

"అయితే ఏంటి? సెమినార్‌లో అబద్ధం చెబుతావా?"

హాలంతా గొల్లుమంది. పరీక్షకురాలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "తప్పు నాదంటే నాదని పోట్లాడుకునేవాళ్ళని నేనిప్పటిదాకా చూడలేదు. మామూలుగా అవతలివాళ్ళదంటారు." ఆవిడ చూపు సారు మీదికి పోయింది. సారు నిలబడి, "నేను తలూపానండీ," అన్నారు. మళ్ళీ నవ్వులు.

"చూపించండి," అన్నారావిడ.

పిట్ట రెండు గొట్టాలు పెట్టింది. రెండింట్లోనూ నీలం. ఒకదాంట్లో బొత్తాం, ఒకదాంట్లో పీలిక. పది నిమిషాలు ఆ హాల్లో ఎవరూ దగ్గలేదు. ఆవిడ లేచి వచ్చి గొట్టాలు తన చేతులతోనే పైకెత్తి, కిటికీ వెలుతురుకి పెట్టి చూశారు. ఒకటి నీలంగానే ఉంది. రెండోది మంచినీళ్ళలా తేరింది.

ఆవిడ కుర్చీలోకి వెళ్ళి, కలం మూత తీసి, చాలాసేపు రాశారు. తర్వాత, "ఈ థీసిస్ చెల్లదు," అన్నారు.

పిట్ట బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది.

"పేరు కొట్టెయ్యాలంటే మాత్రం పని జరగలేదని నేను రాయాలి," అని ఆవిడ మెల్లగా అందుకున్నారు. "పని జరిగింది. పక్క గ్రంథి మీద జరిగింది. తలకాయలన్నీ దాచారు కాబట్టి అసలు గ్రంథీ మీ దగ్గరే ఉంది. పక్కపక్కన ఉండే ఈ రెండు గ్రంథుల్నీ ఇన్ని జంతువుల్లో పోల్చి చూసే వీలు నాకే ఎప్పుడూ దొరకలేదు. ఎనిమిది నెలలు ఇస్తున్నాను, మళ్ళీ రాయండి. ఒక్క షరతు. ఇకనుంచి ప్రతి తలకాయా ఈ పీలికల గ్రంథి తెలిసిన మనిషి ఎదురుగానే కొయ్యాలి. ఆ మనిషి పేరు ఇక్కడ రాస్తాను. మీ విభాగంలో ఎవరున్నారు?"

సారు పైకప్పు వైపు చూశారు. మిగిలినవాళ్ళంతా నా వైపు తిరిగారు. ఇరవై రెండేళ్ళ అలవాటు వాళ్ళది. ఎప్పుడు ఎవరు ఏ కోత గురించి అడిగినా ఆ చూపులు నా మీదికే వస్తాయి, వచ్చినప్పుడల్లా నాకు బాగుంటుంది కూడా.

"నేను కాదండీ," అన్నాను. "నా చేతిలో రెండు చిరిగాయి. పన్నెండూ తీసింది ఆ పిల్లే. దాని పేరు రాయండి."

ఆవిడ పిట్ట పేరు రాసుకున్నారు. "సహాయానికి ఎవరు?"

"మా వదిన," అంది పిట్ట.

"నేర్చుకుంటారా ఆవిడ?"

పిట్ట నన్ను ఎగాదిగా చూసింది. "కొంచెం నోరెక్కువండీ. చెయ్యి మంచిది. నేర్పుకుంటాను."

బయటికొచ్చాక అది నా భుజం మీద తల పెట్టింది. తర్వాత తలెత్తి, ఎన్నడూ లేని గొంతుతో, "రేపు తొమ్మిదింటికల్లా రావాలి. ఆలస్యమైతే ఊరుకోను," అంది.

నేను ఎనిమిదిన్నరకే వెళ్ళి దాని కోసం తలుపు దగ్గర నిలబడ్డాను.